అరుగు మీద నైట్ డ్యూటీ

మా చిన్న మావయ్య సెలవు మీద వస్తే పగలంతా పడుకునేవాడు, రాత్రంతా కూర్చునేవాడు. ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసిన ఒంటికి చీకటి పడితే నిద్ర రాదట. అమ్మమ్మకి ఇది అస్సలు నచ్చేది కాదు. "ఇంటికొచ్చి కూడా గుడ్లగూబ బతుకేటిరా" అని తిట్టి, ఆ తిట్టుతోనే చెంబుడు మజ్జిగ తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్లి పడుకునేది. మావయ్య లుంగీ కట్టుకుని, మూడు బ్యాటరీల టార్చిలైటు పక్కన పెట్టుకుని, స్తంభానికి వీపు ఆనించి కూర్చునేవాడు. ఒక్కోసారి తెల్లవారుజామున మెలకువొచ్చి బయటికి వస్తే, "ఏటి అల్లుడూ, నిద్దర పట్టలేదా" అని తనే నన్ను అడిగేవాడు.

మాది శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర పల్లెటూరు. ఆ వైపు ఊళ్లలో ఇంటికొకరు ఫోర్సులో ఉండటం పెద్ద వింత కాదు. వానల మీద, వంశధార కాలువ మీద ఆధారపడ్డ వ్యవసాయం, చదివినా దొరకని ఉద్యోగం. పరుగు పందెంలో గెలవగల కుర్రాడు రిక్రూట్‌మెంటుకి పోకుండా ఎలా ఉంటాడు? మావయ్య కూడా అలాగే సరిహద్దు కాపలా కాసే బీఎస్ఎఫ్‌లో చేరాడు. కానిస్టేబుల్‌గా హజారీబాగ్‌లో ట్రైనింగ్ అయ్యి, రాజస్థాన్ ఇసకలో కొన్నేళ్లు, పంజాబ్‌లో కొన్నేళ్లు చేసి, పరీక్షలు రాసి సబ్ ఇన్‌స్పెక్టరై, చివరికి ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. ఇన్‌స్పెక్టర్ అయ్యాక పోస్టింగ్ త్రిపుర.

ఊళ్లో అందరూ ఆయన్ని 'మిలట్రీ బాబు' అనేవారు. ఆయన మాత్రం ప్రతిసారీ సరిదిద్దేవాడు. "మిలట్రీ కాదు, పోలీసుని." విన్నవాళ్లకి అది తగ్గించుకున్నట్టు అనిపించేది. మిలట్రీ అంటే గౌరవం, పోలీసంటే స్టేషను, లంచం, లాఠీ. ఉన్న గౌరవాన్ని చేతులారా పోగొట్టుకోవడం ఎందుకని మా తాతయ్యే ఒకసారి అడిగాడు. దానికి మావయ్య చెప్పిన జవాబు నాకు బాగా గుర్తు. "యుద్ధం అయిపోతే మిలట్రీ వెనక్కి ఎల్తాది నాన్నా. మేం ఎక్కడికీ ఎల్లం. యుద్ధం లేనన్నాళ్లూ గట్టు కాపలా మాదే."

ఆ గట్టు ఎంత పొడవో కూడా ఆయనే చెప్పాడు. బంగ్లాదేశ్‌తో మనకున్న సరిహద్దు 4,096 కిలోమీటర్లు. అందులో ఒక్క త్రిపుర వాటాయే 856. చిన్న రాష్ట్రం, మూడు వైపులా బంగ్లాదేశే. ఇప్పుడంటే కంచె, ఫ్లడ్‌లైట్లు ఉన్నాయి కానీ, ఆయన ఉన్న రోజుల్లో చాలాచోట్ల ఏమీ లేదు. సిమెంటు పిల్లరు ఒకటి ఇక్కడ, ఇంకొకటి అల్లంత దూరాన. మధ్యలో వరిచేలు, పనస చెట్లు, వెదురు పొదలు. "మన మడి గట్టు ఉంటాది చూడు, అచ్చం అలగే ఉంటాది. గట్టుకి అవతల గడ్డి కోస్తే ఇంకో దేశం గడ్డి" అనేవాడు. ఆవు ఆ గట్టు దాటి పోతే అవతలి దళం వాళ్లతో ఫ్లాగ్ మీటింగ్ పెట్టి అడిగి తెచ్చుకోవాలట. అప్పట్లో అవతల ఉన్నది బంగ్లాదేశ్ రైఫిల్స్, వాళ్లని బీడీఆర్ అనేవారు. పండక్కి వాళ్లు మిఠాయి పంపితే వీళ్లూ పంపేవారు. రాత్రయితే మళ్లీ ఎవరి తుపాకి వాళ్లదే.

ఆయన చెప్పే కబుర్లలో భయపెట్టేవి ఒక్కటీ ఉండేవి కావు. జలగల గురించి చెప్పేవాడు, బూటు లేసుల కన్నాల్లోంచి కూడా దూరతాయని, పొగాకు నీళ్లలో ముంచిన గుడ్డ కట్టుకుంటామని. దగ్గుమందు సీసాల స్మగ్లింగ్ గురించి చెప్పేవాడు. దగ్గుమందు దొంగతనంగా దాటించడమేమిటని మేం పడీ పడీ నవ్వేవాళ్లం. మద్యం సులువుగా దొరకని దేశంలో దగ్గుమందే మత్తుమందని మాకు అప్పటికి తెలీదు. త్రిపుర అనాసపండు తియ్యదనం గురించి చెప్పినప్పుడల్లా ఒకటి తెస్తానని మాటిచ్చేవాడు, ఎప్పుడూ తేలేదు. తేవడం కుదిరే దారి కాదది. క్యాంపు నుంచి కాన్వాయ్‌లో కుమార్‌ఘాట్, అక్కణ్ణుంచి మీటర్ గేజి రైల్లో లమ్‌డింగ్, తరవాత గౌహతి, హౌరా, చివరికి మద్రాస్ మెయిల్లో శ్రీకాకుళం రోడ్. నల్ల ట్రంకు పెట్టెతో, హోల్డాల్‌తో దిగే మనిషి ఒళ్లంతా బొగ్గు వాసన, చెమట వాసన. ఏడాదికి రెండు నెలల సెలవు ఉంటుందని పేరే, అది ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఆ ముక్కల్లోంచి దారి ఖర్చుకి పోయే రోజులు వేరే.

అమ్మమ్మ చుట్ట తాగేది. అదీ అడ్డపొగ. తెలియనివాళ్లకి చెప్పాలంటే, వెలిగించిన కొసని నోట్లోపల పెట్టుకుని తాగడం. మా వైపు ముసలమ్మలకి అది మామూలు సంగతే. మావయ్య దాన్ని చూసి ఒకసారి, "రాత్రి నాకాలో కూకుంటే బీడీ తాగనివ్వరు, నిప్పు దూరానికి కనబడిపోద్దని. మా కంపెనీకి అమ్మని పంపిస్తే చాలు, పొద్దున్న దాకా చుట్ట కాల్చినా ఎవడికీ తెలీదు" అన్నాడు. అమ్మమ్మ నోట్లో చుట్ట ఉండగానే నవ్వి, పొలమారి, ఆయన్ని వీపు మీద నాలుగు దెబ్బలు వేసింది. నాకా అంటే రాత్రి సరిహద్దులో మాటు వేసి కూర్చోవడం. ఆ మాటు ఎలాంటిదో, చీకట్లో నిప్పు కనబడితే ఏమవుతుందో మేమెవరం ఆలోచించలేదు. నవ్వేశాం, అంతే.

ఇంట్లోవాళ్లం ఆయన్ని ఎక్కువగా నిద్రలోనే చూశాం. మెలకువగా ఉన్న మావయ్యని చూసినవాళ్లు వేరే ఉన్నారు.

వంశధార ఎడమ కాలువ హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీలో మొదలై మా వైపు వచ్చేసరికి నీరసపడిపోతుంది. మేం శివారు ఆయకట్టు వాళ్లం. పైవాళ్లు తాగగా మిగిలిన నీళ్లే మాకు. అందుకే వంతు వచ్చిన రాత్రి రైతు పార భుజాన వేసుకుని మదుం, అంటే తూము, దగ్గర కాపలా ఉండాల్సిందే, లేకపోతే అర్ధరాత్రి ఎవడో గండి కొట్టి తన మడికి మళ్లించుకుంటాడు. తలలు పగిలిన సందర్భాలూ ఉన్నాయి. పొలానికి పోయే దారి మా తాతయ్య ఇంటి ముందు నుంచే. రాత్రి పూట వెళ్లే ప్రతి మనిషికీ అరుగు మీద మావయ్య తగిలేవాడు. "ఎవర్రా అది" అని టార్చి వెయ్యడం, వాళ్లు పేరు చెప్పడం, తరవాత తనూ లేచి వాళ్లతో పాటు కాలువకి పోవడం.

ఒక సెలవులో అయితే నీటి వంతుల పంచాయితీ ఆయన నెత్తి మీదకే వచ్చింది. మా వీధివాళ్లకి, పక్క వీధివాళ్లకి మదుం దగ్గర గొడవ. పెద్దమనుషులు తేల్చలేక వదిలేస్తే, మావయ్య తన బీఎస్ఎఫ్ బుద్ధి చూపించాడు. పొడుగు నోటుపుస్తకం ఒకటి తీసి స్కేలుతో గీతలు కొట్టాడు. పేరు, ఏ మడి, ఎప్పట్నుంచి, ఎప్పటివరకు, సంతకం. క్యాంపులో సెంట్రీ డ్యూటీకి వేసే చార్టు లాంటిదే. టైము కూడా వాళ్ల పద్ధతిలోనే రాశాడు, 2300 నుంచి 0130 వరకు అని. మా పక్కింటి తాత అది చూసి, "ఇరవైమూడు గంటలేటి బాబూ, ఆ లెక్కన నా వంతు ఎల్లుండి వస్తాదా" అని గాభరాపడ్డాడు. మావయ్య ఓపిగ్గా గడియారం చూపించి చెప్పాడు. వంతు అయిపోయినవాడు తరవాతివాణ్ణి లేపి, మదుం అప్పగించి, పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. సంతకం రానివాళ్లకి వేలిముద్ర. ఇంక్ ప్యాడ్ లేదు కాబట్టి కిరసనాయిలు దీపం మసి. రాత్రంతా ఆయన పుస్తకం పట్టుకుని మదుం గట్టు మీద కూర్చున్నాడు. ఆ సెలవులో ఆయన అత్తతో గడిపిన టైము కంటే కాలువ గట్టు మీద గడిపిందే ఎక్కువ. అత్త రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ పుస్తకం ఇప్పటికీ అత్త దగ్గర ఉంది. మసి వేలిముద్రలు ఇంకా చెదరలేదు.

1990ల్లో త్రిపుర పరిస్థితి ఏమిటో నేను చాలా ఆలస్యంగా చదువుకున్నాను. ఎన్‌ఎల్‌ఎఫ్‌టీ, ఏటీటీఎఫ్ అనే రెండు వేర్పాటువాద సాయుధ సంస్థలు. కాల్పులు జరిపి సరిహద్దు అవతల కొండల్లోకి వెళ్లిపోయేవారు. 1997 ఫిబ్రవరిలో అక్కడ సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టం పెట్టారు, ఎత్తేసింది 2015 మే నెలలో. అస్సాం నుంచి అగర్తలా వెళ్లే జాతీయ రహదారి మీద బస్సులు, లారీలు ఒంటరిగా పోవడానికి వీల్లేదు, ముందూ వెనకా తుపాకులతో కాన్వాయ్‌గా పోవాలి. మావయ్య కాన్వాయ్ అని మాట వరసకి అంటుంటే, పెళ్లి బస్సుల్లా వరసగా పోతారేమో అనుకున్నాం. మలేరియా సంగతి సరేసరి. తూటా కంటే ముందు దోమని చూసుకోవాలనేవారట అక్కడ. ఆయన ప్రతి ఉత్తరంలోనూ 'నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను' అనే రాసేవాడు. ఇన్‌లాండ్ లెటర్లో ఇంకేం పడుతుంది అని అమ్మ సర్దుకునేది.

ఆ రోజుల్లోనే ఒక ఏడాది కార్తీకమాసంలో కబురు వచ్చింది. ఫోను కాదు, టెలిగ్రాం కాదు. వైర్‌లెస్ సెట్‌లో మా స్టేషన్‌కి మెసేజి వస్తే ఎస్సైగారు జీపులో వచ్చారు. పోలీసు జీపు మా వీధిలోకి వస్తే ఎవరింట్లో గొడవో అని అందరూ బయటికి వచ్చి చూశారు. ఆయన దిగి టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. తాతయ్యకి అక్కడే అర్థమైపోయింది. మిగతాది వినలేదు, లోపలికి వెళ్లి చొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

శవపేటిక వచ్చేసరికి మూడో రోజు. అగర్తలా నుంచి కలకత్తా, అక్కణ్ణుంచి విశాఖ, విశాఖ నుంచి వ్యాన్‌లో. వెంట హర్యానా హెడ్ కానిస్టేబుల్ ఒకాయన, ఇద్దరు జవాన్లు వచ్చారు. జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వు వాళ్లు మా చెరువు గట్టు మీద వరసగా నిలబడి 'శోక శస్త్ర్' అనే ఆర్డరు మీద రైఫిళ్లు తలకిందులు చేశారు. బ్యూగిల్ ఊదారు, గాల్లోకి కాల్పులు జరిపారు. ఆ మోతకి చింతచెట్టు మీద కొంగలన్నీ లేచిపోయాయి, కట్టేసిన గేదొకటి పలుపు తెంపుకుని పరిగెత్తింది. దాన్ని పట్టుకోడానికి ఇద్దరు కుర్రాళ్లు చెరువు వైపు పరుగు. అంత దుఃఖంలోనూ ఆ గేదె నాకు గుర్తుండిపోయింది, ఎందుకో తెలీదు.

ఏం జరిగిందో హెడ్ కానిస్టేబుల్ చెప్పాడు, మా హైస్కూలు హిందీ మాస్టారు తెలుగులో చెప్పారు. రేషన్ బండి రావాల్సిన రోజు. బండి కంటే ముందు తెల్లవారుతుండగానే రోడ్ ఓపెనింగ్ పార్టీ నడిచి వెళ్లాలి. కల్వర్టుల కింద, మలుపుల్లో, పొదల్లో చూసుకుంటూ దారి బాగుందని తేల్చాలి. అది రోజూ చేసే పనే. కొండని తొలిచి వేసిన రోడ్డు, ఒకవైపు వెదురు. మలుపు తిరుగుతుండగా పైనుంచి కాల్పులు మొదలయ్యాయి. మావయ్య మొదటి విడతలోనే పడిపోయాడు. మిగిలినవాళ్లు కల్వర్టు చాటు నుంచి తిరిగి కాల్చి, సాయం వచ్చేదాకా ఆపారు.

అంతే జరిగింది. మా ఊళ్లో మాత్రం ఆ కథ పెరగడం మొదలైంది. ఛాతీలో తూటా ఉండగానే ముగ్గుర్ని చంపాడని ఒకరు, ఐదుగురు అని ఇంకొకరు. పెద్దకర్మ నాటికి పదిమందయ్యారు. ప్రేమతోనే అనేవారు, కాదనను. కానీ అత్తకి అది నచ్చలేదు. "ఆయన ఎవర్నీ చంపలేదు. రోడ్డు చూసుకుంటూ నడుస్తున్నాడు. అది చాలదా?" అంది ఒక పెద్దాయనతో. నాకు ఆవిడ మాటే సరైనదనిపిస్తుంది. ఉద్యోగం చేస్తూ పోయిన మనిషికి సినిమా ఫైటు జోడించకపోతే మనకి తృప్తి ఉండదు ఎందుకో. తనకి తెలీని లారీ డ్రైవరు క్షేమంగా పోవాలని పొద్దున్నే లేచి కొండ దారి వెంట నడవడంలో లోటేముంది?

హెడ్ కానిస్టేబుల్ మా ఇంట్లో అన్నం తిన్నాడు. వడ్డిస్తుంటే "చాలు" అన్నాడు. తెలుగు వచ్చా అని అడిగితే మావయ్య దగ్గర నేర్చుకున్నవి నాలుగు మాటలు చెప్పాడు. అన్నం, నీళ్లు, చాలు, పడుకో. చివరి మాట ఎలా నేర్చుకున్నావని మాస్టారు అడిగారు. రాత్రి నాకాలో పన్నెండు దాటితే కుర్రాళ్లకి కునుకు వస్తుంది, అప్పుడు సాబ్ ఒక్కొక్కణ్ణి భుజం తట్టి "పడుకో" అనేవాడు, మేలుకుని ఉండేది ఆయనే అన్నాడు. అది రూలుకి విరుద్ధం కదా అని మాస్టారు నవ్వుతూ అడిగితే, అతను తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.

తరవాత అత్త పడ్డ ఆఫీసుల తిప్పట గురించి ఎంత రాసినా తక్కువే, అందుకే కొంచెమే రాస్తాను. ఒక ఆఫీసులో "మీవారు మిలట్రీ కదమ్మా, సైనికుల సంక్షేమం వాళ్ల దగ్గరికి వెళ్లండి" అన్నారు. అక్కడికి వెళ్తే "బీఎస్ఎఫ్ అంటే హోం శాఖ, పోలీసు కిందకి వస్తుంది, మాజీ సైనికుల లెక్కలోకి రాదు" అన్నారు. ఇద్దరూ రూలు ప్రకారమే చెప్పారు. మావయ్య బతికున్నన్నాళ్లూ 'మిలట్రీ కాదు, పోలీసుని' అని చెప్పింది ఆవిడకి అక్కడ బెంచీ మీద కూర్చున్నప్పుడు కొత్తగా అర్థమైందట. పెన్షన్ చివరికి సక్రమంగానే వచ్చింది. దాని కోసం కట్టిన జిరాక్సుల కట్ట ఇంకా బీరువాలో ఉంది.

మరుసటి ఏడాది అక్టోబర్ 21న జిల్లా పోలీసు పరేడ్ గ్రౌండ్‌కి రమ్మని పిలుపు వచ్చింది. అమరవీరుల సంస్మరణ దినం. ఆ తేదీ ఎందుకో మావయ్యే ఒకప్పుడు అరుగు మీద చెప్పాడు. 1959 అక్టోబర్‌లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ అనే చోట, 15 వేల అడుగుల పైన, గస్తీకి వెళ్లిన ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక కూలీ తిరిగి రాలేదు. 21న కరమ్ సింగ్ అనే అధికారి వాళ్లని వెతకడానికి కొద్దిమందిని తీసుకుని బయల్దేరాడు. కొండ మీద నుంచి చైనా సైనికులు కాల్పులు జరిపారు. పదిమంది పోలీసులు చనిపోయారు. కరమ్ సింగ్‌తో పాటు కొందర్ని పట్టుకుపోయారు. చనిపోయినవాళ్ల శవాలు అప్పగించింది నవంబర్ 13న. అక్కడే ఆ చలిలోనే దహనం చేశారు. మరుసటి జనవరిలో ఐజీల సమావేశం ఆ రోజుని దేశమంతా పాటించాలని తీర్మానించింది. "అప్పటికి ఆ గట్టు మీద మిలట్రీ లేదు అల్లుడూ. పోలీసులే" అని చివర్న ఒత్తి చెప్పాడు. ఇది మా పాఠాల్లో ఎందుకు లేదని నేను అడిగితే, "నువ్వు రాద్దువు గాని" అన్నాడు.

పరేడ్‌లో ఆ ఏడాది దేశమంతటా విధి నిర్వహణలో పోయినవాళ్ల పేర్లు చదివారు. రాష్ట్రాల వారీగా, తరవాత కేంద్ర బలగాలు. ఆ జాబితా ఎంత పొడవుంటుందో నిలబడి వింటేనే తెలుస్తుంది. అమ్మ ఎండలో నిలబడలేక మధ్యలో కూర్చుంది. బీఎస్ఎఫ్ దగ్గరికి వచ్చాక మా మావయ్య పేరు వినబడింది. ఇంటి పేరు తారుమారు చేసి చదివినా మా అందరికీ తెలిసింది. ఇప్పుడు ఢిల్లీ చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకం ఉంది. 2018లో అదే తేదీన ప్రారంభించారు. 30 అడుగుల నల్ల రాయి, దాని చుట్టూ గోడల మీద స్వాతంత్ర్యం వచ్చిన దగ్గర్నుంచి పోయిన 34 వేలకు పైగా పేర్లు. ఢిల్లీ వెళ్లే పని పడితే చూడండి, రెడ్ ఫోర్ట్ అంత రద్దీ ఉండదు.

పెద్దకర్మ రోజు సంగతి ఒకటి చెప్పాలి. భోజనాలయ్యాక బంధువులు వెళ్లిపోతుంటే, రాత్రి నీళ్లు కట్టే రైతులు మాత్రం అరుగు చుట్టూ కదలకుండా కూర్చున్నారు. ఒక్కొక్కరూ తమ రాత్రి చెప్పారు. ఒకాయన్ని తేలు కుడితే సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని, తొక్కడం చాతకాక రెండుసార్లు పడేసి, చివరికి భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడట. ఇంకొకాయన కొడుక్కి రిక్రూట్‌మెంట్ పరుగు కోసం తెల్లవారుజామున కాలువ గట్టు మీద టైము పెట్టి పరిగెత్తించాడట. ఆ కుర్రాడు ఇప్పుడు సీఆర్‌పీఎఫ్‌లో ఏఎస్సై. అత్త గడప దగ్గర కూర్చుని ఇవన్నీ మొదటిసారి వింది. తనకి తెలియని మొగుడి గురించి ఊరివాళ్లు చెబుతుంటే కోపం వచ్చిందో, సంతోషం వేసిందో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. "నాకు నిద్దర ఆపుకోవడం రాదు, అదే నా తప్పు" అని మాత్రం తరవాత ఒకసారి నవ్వుతూ అంది.

కొన్నేళ్లుగా అత్త మా హైస్కూల్లో పదో తరగతిలో సోషల్‌లో ఫస్టు వచ్చినవాళ్లకి మావయ్య పేరు మీద బహుమతి ఇస్తోంది. పోయిన ఏడాది స్కూలువాళ్లు ఉత్సాహపడి టెక్కలిలో ఫ్లెక్సీకి ఆర్డర్ ఇచ్చారు. డిజైన్ చూద్దురు గాని రమ్మంటే నేనూ, అత్తా వెళ్లాం. షాపు కుర్రాడు కంప్యూటర్‌లో చూపించాడు. మావయ్య పాస్‌పోర్టు ఫోటో, వెనక మంచు కొండలు, రెండు యుద్ధ విమానాలు, కింద పెద్ద ట్యాంకు. పైన 'మన మిలట్రీ వీరుడు' అని ఎర్ర అక్షరాలు.

అత్త కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"మిలట్రీ తీసేసి బీఎస్ఎఫ్ ఇన్‌స్పెక్టర్ అని రాయి బాబూ. విమానాలు వద్దు. ట్యాంకు కూడా తీసేయ్. ఆయనకి సైకిల్ తొక్కడమే సరిగ్గా రాదు."

కుర్రాడు నవ్వాపుకుంటూ అన్నీ తీసేశాడు. మంచు కొండలు మాత్రం ఉంచేశాడు, త్రిపురలో మంచు లేదని నేనెంత చెప్పినా వినలేదు. బ్యాక్‌గ్రౌండ్ ఖాళీగా ఉంటే లుక్ రాదట.